ముప్పేట తాడును తెంచే ఎంజైమ్: బ్యాక్టీరియా కొల్లాజినేజ్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

కొల్లాజినేజ్ గురించి చదవడం మొదలుపెట్టినవాళ్లు చాలామంది దానిలోని జింక్ అయాన్ దగ్గరే ఆగిపోతారు. కోసేది అదే కాబట్టి అలా ఆగడం సహజమే. కానీ జింక్‌తో ప్రోటీన్లను కోసే ఎంజైమ్‌లు ప్రకృతిలో ఎన్నో ఉన్నాయి. వాటిలో చాలావాటికి కొల్లాజెన్ లొంగదు. గట్టిగా పురి పెట్టిన తాడును పట్టుకుని, పురి సడలించి, ఒక్కో పేటను కత్తెర నోటికి అందించడం కొన్నిటికే చేతనవును. కింది జవాబులన్నీ ఆ సంగతి చుట్టూ తిరుగుతాయి. ఇంటర్‌లో బయాలజీ చదివినవాళ్లకు అర్థమయ్యేలా రాశాను. ల్యాబ్‌లో పనిచేసేవాళ్లకు పనికొచ్చే విషయాలు చివర్లో ఉన్నాయి.

కొల్లాజినేజ్ అంటే ఏమిటి?

సహజ రూపంలో ఉన్న కొల్లాజెన్‌ను, అంటే మూడు పేటలుగా పెనవేసుకుని ఉన్న కొల్లాజెన్‌ను, మామూలు శరీర పరిస్థితుల్లోనే తెంచగల ఎంజైమ్. ఈ నిర్వచనంలో "సహజ రూపంలో" అన్న మాటే ముఖ్యం. కొల్లాజెన్‌ను వేడి చేస్తే పేటలు విడిపోయి జెలటిన్ అవుతుంది. జెలటిన్‌ను తెంచే ఎంజైమ్‌లు కోకొల్లలు. ఒక బ్యాక్టీరియా జెలటిన్‌ను కరిగించిందని దానికి కొల్లాజినేజ్ ఉందని రాసేస్తే తప్పు. పాత పరిశోధన వ్యాసాల్లో ఈ పొరపాటు తరచుగా కనిపిస్తుంది. అలా పేరు పడిన కొన్ని ఎంజైమ్‌లు నిజానికి జెలటినేజ్‌లు మాత్రమే.

కొల్లాజెన్‌ను తెంచడం అంత కష్టమా?

చాలా కష్టం. మన కడుపులోని పెప్సిన్, పేగులోని ట్రిప్సిన్ దాదాపు ఏ ప్రోటీన్‌నైనా ముక్కలు చేస్తాయి. అవి కూడా పెనవేసుకుని ఉన్న కొల్లాజెన్ మధ్య భాగాన్ని ఏమీ చేయలేవు. చివర్లలో పురి లేకుండా వేలాడే చిన్న తోకలను మాత్రం పెప్సిన్ కత్తిరిస్తుంది. పరిశోధకులు ఈ గుణాన్నే వాడుకుని పెప్సిన్‌తో కొల్లాజెన్‌ను శుద్ధి చేస్తారు.

కారణం దాని అల్లికలో ఉంది. టైప్ 1 కొల్లాజెన్ పేట ఒక్కొక్కటి వెయ్యికి పైగా అమైనో ఆమ్లాల పొడవు ఉంటుంది. అందులో ప్రతి మూడోది గ్లైసీన్. గ్లైసీన్, ఎక్స్, వై అన్న మూడింటి వరస సుమారు 338 సార్లు వస్తుంది. ఎక్స్ స్థానంలో తరచుగా ప్రోలీన్, వై స్థానంలో తరచుగా హైడ్రాక్సీప్రోలీన్ ఉంటాయి. అమైనో ఆమ్లాల్లో అతి చిన్నది గ్లైసీన్. మూడు పేటలు కలిసే నడిమధ్యన ఇంకేదీ పట్టనంత ఇరుకు చోటు ఉంటుంది. అక్కడ గ్లైసీన్ కూర్చుంటుంది కాబట్టే పేటలు అంత బిగువుగా దగ్గరకు రాగలుగుతాయి.

తాడు పేనడం చూసినవాళ్లకు ఇంకో విషయం వెంటనే అర్థమవుతుంది. ఒక్కో పేటకు ఒక వైపు పురి పెట్టి, మూడింటినీ కలిపేటప్పుడు ఎదురు వైపుకు పురి పెడితేనే తాడు విడిపోకుండా ఉంటుంది. కొల్లాజెన్‌లోనూ అంతే. ఒక్కో పేట ఎడమ వైపుకు మెలి తిరుగుతుంది, మూడూ కలిసి కుడి వైపుకు మెలి తిరుగుతాయి. ఇలా తయారైన కడ్డీ పొడవు 300 నానోమీటర్లు, మందం 1.5 నానోమీటర్లు మాత్రమే. ఈ కడ్డీలు ఒకదాని పక్కన ఒకటి 67 నానోమీటర్ల తేడాతో జరిగి పేరుకుంటాయి, వాటి మధ్య అడ్డబంధాలు పడతాయి. కండరాన్ని ఎముకకు కట్టే టెండన్ లాగినా తెగకుండా ఉండేది ఈ పేర్పు వల్లే.

ఇక ఎంజైమ్ వైపు నుంచి చూడండి. ప్రోటీన్‌ను కోసే ఎంజైమ్‌కు క్రియాస్థానం ఒక సన్నని గాడిలో ఉంటుంది. అందులో ఒకే ఒక్క పేట, అదీ చాపిన స్థితిలో, పడుతుంది. మూడు పేటల కడ్డీ ఆ గాడి కంటే చాలా లావు. పైగా తెంచాల్సిన బంధాలు అల్లిక లోపల దాక్కుని ఉంటాయి. కత్తెర ఎంత పదునైనదైనా దాని నోట్లో తాడే పట్టకపోతే ఏం లాభం?

ఈ అల్లికను మొదట ఎవరు గుర్తించారు?

మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా. 1954లో మొదటి నమూనా, 1955లో దాన్ని సవరించి మూడు పేటలు పెనవేసుకున్న నమూనా ప్రచురించారు. అదే 1955లో అలెగ్జాండర్ రిచ్, ఫ్రాన్సిస్ క్రిక్ కూడా ఇంగ్లండ్ నుంచి తమ నమూనా ఇచ్చారు. పేటల మధ్య హైడ్రోజన్ బంధాలు ఎన్ని అన్న విషయంలో తర్వాత సవరణలు జరిగాయి. ప్రతి మూడో స్థానంలో గ్లైసీన్ ఉండి తీరాలన్న అసలు ఆలోచన మాత్రం నిలిచింది. కొల్లాజినేజ్ ఎలా పనిచేస్తుందో ఈరోజు మనం మాట్లాడుకోగలుగుతున్నామంటే దానికి పునాది అక్కడే పడింది. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఇంకా పెద్ద అక్షరాలతో రావాలని నా కోరిక.

మన ఒంట్లో కూడా కొల్లాజినేజ్‌లు ఉన్నాయి కదా! తేడా ఏమిటి?

ఉన్నాయి. జెరోమ్ గ్రాస్, చార్లెస్ లాపియేర్ 1962లో కప్ప పిల్లల తోకలో మొదటి జంతు కొల్లాజినేజ్‌ను చూపించారు. తోకకప్ప కప్పగా మారేటప్పుడు తోక కరిగిపోవాలంటే అందులోని కొల్లాజెన్ కరగాలి కదా, దాన్ని కరిగించేది ఏదో ఉండాలి అన్నది వాళ్ల తర్కం. ఎంత చక్కని ప్రశ్నో! మనుషుల్లో ఈ పని చేసే ముఖ్యమైన ఎంజైమ్ ఎంఎంపీ-1.

ఎంఎంపీ-1 కొల్లాజెన్ కడ్డీని ఒకే ఒక్క చోట తెంచుతుంది. ముప్పావు వంతు ఒక ముక్క, పావు వంతు ఒక ముక్క అవుతాయి. ఆ తర్వాత ఒంటి వేడికి ఆ ముక్కల పురి దానంతట అదే సడలుతుంది, మిగతా ఎంజైమ్‌లు వచ్చి పని పూర్తి చేస్తాయి. గాయం మానేటప్పుడు, ఎముక పెరిగేటప్పుడు ఉన్నది కొంచెం తీసి కొత్తది కట్టాలి. దానికి ఇంత అదుపు అవసరం.

బ్యాక్టీరియా కొల్లాజినేజ్‌కు ఆ అదుపుతో పని లేదు. అది కడ్డీ పొడవునా ఎన్నో చోట్ల, గ్లైసీన్‌కు ముందున్న బంధం దగ్గర తెంచుకుంటూ పోతుంది. చివరికి మిగిలేవి చిన్న చిన్న పెప్టైడ్‌లు. ఒకటి తాపీ మేస్త్రీ గోడలో ఒక ఇటుకను చూసి తీసినట్టు, రెండోది గోడనే ఇటుకలుగా విడదీసినట్టు.

పరిణామ క్రమంలో ఈ రెండు వర్గాలూ వేర్వేరు దారుల్లో వచ్చాయి. మన ఒంట్లో ఎంఎంపీలను అదుపుచేసే టింప్ అనే ప్రోటీన్లు బ్యాక్టీరియా కొల్లాజినేజ్‌ను ఆపలేవు.

ఏ బ్యాక్టీరియాలు దీన్ని తయారుచేస్తాయి?

అందరికీ తెలిసినది క్లాస్ట్రీడియం హిస్టోలిటికం. 2016లో దాని పేరు హాథెవేయా హిస్టోలిటికా అని మార్చారు. మందుల లేబుళ్ల మీద, ల్యాబ్ సీసాల మీద మాత్రం ఇప్పటికీ పాత పేరే నడుస్తోంది. "హిస్టోలిటికం" అంటేనే కణజాలాన్ని కరిగించేది అని అర్థం. గ్యాస్ గ్యాంగ్రీన్‌కు కారణమయ్యే క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్, ధనుర్వాతానికి కారణమయ్యే క్లాస్ట్రీడియం టెటాని, బాసిల్లస్ సీరియస్ కూడా ఈ కుటుంబం ఎంజైమ్‌లను తయారుచేస్తాయి. సముద్రపు నీళ్లలో బతికే విబ్రియో జాతుల్లో దీనికి దగ్గరి చుట్టం లాంటి ఇంకో వర్గం ఉంది. ఎంజైమ్‌ల వర్గీకరణలో విబ్రియోవి ఎం9ఎ, క్లాస్ట్రీడియంవి ఎం9బి.

సముద్రపు అడుగున దొరికిన సూడోఆల్టెరోమొనాస్ అనే బ్యాక్టీరియా ఎంజైమ్ ఒకటి కొల్లాజెన్‌ను తెంచుతుంది గానీ దానిలో జింక్ క్రియాస్థానం లేదు. సెరిన్ అనే అమైనో ఆమ్లంతో కోసే ఎస్8 కుటుంబానికి చెందినది అది. కత్తెర ఏ రకమైనదైనా తాడును పట్టుకునే ఏర్పాటు ఉంటే పని జరుగుతుందనడానికి ఇది మంచి సాక్ష్యం.

కొల్లాజెన్‌ను తెంచితే బ్యాక్టీరియాకు ఏం ఒరుగుతుంది?

మొదటగా తిండి. జంతు శరీరంలో ఉన్న ప్రోటీన్‌లో దాదాపు మూడో వంతు కొల్లాజెనే. చచ్చిన జంతువు మీద పడే సూక్ష్మజీవులకు అది పెద్ద గాదె లాంటిది, తాళం తీయగలిగితే. రెండోది దారి. చర్మం, కండరాల మధ్య పొరలు, రక్తనాళాల చుట్టూ ఉండే కణజాలం అన్నిటిలో కొల్లాజెన్ వల ఉంటుంది. దాన్ని కరిగిస్తే బ్యాక్టీరియా లోపలికి పాకడానికి చోటు దొరుకుతుంది, మిగతా విషాలు కూడా సులభంగా వ్యాపిస్తాయి.

ఈ ఎంజైమ్ నిర్మాణం ఎలా ఉంటుంది?

క్లాస్ట్రీడియం హిస్టోలిటికం తయారుచేసే కోల్‌జీ అనే ఎంజైమ్‌నే ఉదాహరణగా తీసుకుందాం. దీని బరువు సుమారు 115 కిలోడాల్టన్లు. ప్రోటీన్లలో పెద్దదే. ఒకే గొలుసులో వరసగా కొన్ని విడి భాగాలు, అంటే డొమైన్లు, ఉంటాయి.

ముందుగా కణం బయటికి పంపడానికి ఒక చీటీ లాంటి భాగం, ఆ తర్వాత ఒక ముందుమాట లాంటి చిన్న భాగం. ఈ రెండూ తెగిపోయాక మిగిలేది పనిచేసే ఎంజైమ్. దానిలో మొదట వచ్చేది అసలు యంత్రం. దీన్ని కొల్లాజినేజ్ మాడ్యూల్ అంటారు. దీనిలో మళ్లీ రెండు భాగాలు: ఆక్టివేటర్ డొమైన్, పెప్టిడేజ్ డొమైన్. వీటి తర్వాత పీకేడీ డొమైన్, చివర్లో కొల్లాజెన్‌ను అంటిపెట్టుకునే డొమైన్లు రెండు.

2011లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కోల్‌జీలోని ఈ యంత్ర భాగం ఆకృతిని ఎక్స్-రే క్రిస్టల్ పద్ధతిలో బయటపెట్టారు. అది చూడగానే గుర్రపు జీను గుర్తొస్తుంది. జీనుకు ఒక వైపు ఆక్టివేటర్, ఇంకో వైపు పెప్టిడేజ్, మధ్యలో గ్లైసీన్లు ఎక్కువగా ఉన్న మెత్తని కీలు. ఆక్టివేటర్ మొత్తం హెలిక్స్ జతలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు వంపు తిరిగి ఉంటుంది. పెప్టిడేజ్ మాత్రం థర్మోలైసిన్ అనే పాత పరిచయస్థుడిని పోలి ఉంటుంది. థర్మోలైసిన్ దశాబ్దాలుగా అందరికీ తెలిసిన మామూలు జింక్ ప్రోటియేజ్, అంటే జింక్‌తో ప్రోటీన్లను కోసే ఎంజైమ్, దానికి కొల్లాజెన్ లొంగదు.

ఆ పరిశోధనలో నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్నది ఒక ప్రయోగం. పెప్టిడేజ్ డొమైన్‌ను ఒంటరిగా తయారుచేసి చూస్తే అది చిన్న పెప్టైడ్‌లను చక్కగా కోసింది. మూడు పేటల కొల్లాజెన్‌ను మాత్రం ఏమీ చేయలేకపోయింది. ఆక్టివేటర్‌ను జత చేసిన తర్వాతే కొల్లాజెన్ తెగింది. చివర్లో ఉండే పీకేడీ, అంటిపెట్టుకునే డొమైన్లు లేకపోయినా ద్రావణంలో ఉన్న కొల్లాజెన్‌ను తెంచగలిగింది. అంటే కత్తెరకు పక్కన చేయి ఒకటి ఉండాలి, ఆ రెండూ ఉంటే అదే కనీస కొల్లాజినేజ్.

జింక్ సరిగ్గా ఏం చేస్తుంది?

క్రియాస్థానంలో హిస్టిడిన్, గ్లూటమేట్, ఏవైనా రెండు, మళ్లీ హిస్టిడిన్ అన్న వరస ఉంటుంది. జింక్ ప్రోటియేజ్‌లలో చాలావాటికి ఇంటిపేరు లాంటిది ఈ వరస. ఆ రెండు హిస్టిడిన్లు, కొంచెం అవతల ఉన్న ఇంకో గ్లూటమేట్ కలిసి జింక్‌ను పట్టుకుంటాయి. కోల్‌జీలో ఇవి 523, 527, 555 స్థానాలు. 524వ స్థానంలో ఉన్న గ్లూటమేట్ నీటి అణువు నుంచి ప్రోటాన్‌ను లాగుతుంది, జింక్ ఆ నీటిని పదునెక్కిస్తుంది, ఆ నీరు పెప్టైడ్ బంధం మీద దాడి చేసి తెంచుతుంది. థర్మోలైసిన్‌లో జరిగేది కూడా దాదాపు ఇదే.

మరి మూడు పేటల తాడు ఆ సన్నని గాడిలోకి ఎలా వెళ్తుంది?

అసలు ప్రశ్న ఇది. సాల్జ్‌బర్గ్ పరిశోధకులు ప్రతిపాదించిన విధానాన్ని తెలుగులో "నమిలి అరిగించడం" అనవచ్చు.

జీను తెరుచుకుని ఉన్నప్పుడు రెండు పార్శ్వాల మధ్య ఖాళీ కొల్లాజెన్ పట్టేంత వెడల్పు ఉంటుంది. కొల్లాజెన్ ఆ ఖాళీలోకి వచ్చి పెప్టిడేజ్ వైపు ఆనుతుంది. కానీ అప్పుడు ఆక్టివేటర్ దూరంగా ఉంటుంది కాబట్టి తెంచడం కుదరదు. తర్వాత జీను మూసుకుంటుంది. రెండు వైపులా పట్టు దొరికాక తాడు పురి సడలుతుంది, ఒక పేట క్రియాస్థానం గాడిలోకి జారుతుంది, తెగుతుంది. మిగతా పేటలు కూడా అలాగే. ఒక కడ్డీ అయిపోయాక మళ్లీ తెరుచుకుని పక్క కడ్డీ వైపు జరుగుతుంది. తెరుచుకోవడం, మూసుకోవడం, మళ్లీ తెరుచుకోవడం. దవడలు కదిలినట్టే ఉంటుంది కాబట్టి ఆ పేరు పెట్టారు.

2022లో విబ్రియో కుటుంబానికి చెందిన ఒక కొల్లాజినేజ్ నిర్మాణం బయటికొచ్చింది. దానిలో కూడా జీను ఆకారమే, ఆక్టివేటర్, పెప్టిడేజ్ రెండూ ఉన్నాయి. ఆ పరిశోధకుల నమూనాలో కొల్లాజెన్‌ను మొదట పట్టుకునేది ఆక్టివేటర్ వైపు, ఆ తర్వాత మూసుకున్నప్పుడు పెప్టిడేజ్ కోస్తుంది. ఎవరు ముందు పట్టుకుంటారన్న విషయంలో రెండు నమూనాలకూ తేడా ఉంది. రెండు చేతులూ కలిస్తేనే పని అన్న విషయంలో తేడా లేదు.

పురి విప్పడానికి శక్తి ఎక్కడి నుంచి వస్తుందని కొందరు అడుగుతారు. ఈ ఎంజైమ్‌కు ఏటీపీ అవసరం లేదు. ఒంటి వేడి దగ్గర కొల్లాజెన్ కడ్డీ స్థిరత్వం మనం అనుకున్నంత గట్టిది కాదు. అక్కడక్కడ క్షణకాలం పురి వదులవుతూ మళ్లీ బిగుస్తూ ఉంటుంది. ఎంజైమ్ ఆ వదులైన స్థితిని పట్టుకుని నిలబెట్టగలిగితే చాలు. తీసుకున్న పేట మళ్లీ వెనక్కి పోకుండా పట్టుకోవడమే సగం పని.

ఎంఎంపీ-1 కూడా కోయడానికి ముందు పురిని విప్పుతుందని 2004లో చూపించారు. దానికి హీమోపెక్సిన్ అనే పక్క డొమైన్ తోడు కావాలి. అది లేకపోతే ఎంఎంపీ-1 కూడా సహజ కొల్లాజెన్ ముందు చేతులెత్తేస్తుంది. సంబంధం లేని రెండు వర్గాలు ఒకే చిక్కుకు ఒకే తరహా పరిష్కారానికి వచ్చాయన్నమాట.

పీకేడీ, కొల్లాజెన్‌ను అంటిపెట్టుకునే డొమైన్లు ఎందుకు మరి?

ద్రావణంలో విడిగా తేలే కడ్డీలు వేరు, టెండన్‌లో కట్టలు కట్టలుగా బిగుసుకున్న నారలు వేరు. కరగని నారల మీద పనిచేయాలంటే ఎంజైమ్ అక్కడ లంగరు వేసుకోవాలి. ఆ లంగరే చివరి డొమైన్. సుమారు 120 అమైనో ఆమ్లాలతో, రెండు బీటా పలకలు ఎదురెదురుగా పెట్టిన ఆకారంలో ఉంటుంది. కొల్లాజెన్ పొడవునా పురి ఒకేలా ఉండదు, కొన్నిచోట్ల కొంచెం సడలి ఉంటుంది. ఈ డొమైన్ అలాంటి చోట్లనే ఎక్కువగా వెతుక్కుని అంటుకుంటుంది.

ఈ లంగరును మాత్రమే విడిగా తీసి, గాయం మాన్పే గ్రోత్ ఫ్యాక్టర్ల వంటి ప్రోటీన్లకు అతికించే పరిశోధనలు జరిగాయి. మందు రక్తంలో కొట్టుకుపోకుండా కొల్లాజెన్ ఉన్న చోటే కుదురుకుని ఎక్కువసేపు పనిచేస్తుందన్నది ఆలోచన. తెంచడానికి పుట్టిన ఎంజైమ్‌లోని ముక్క కట్టడానికి ఉపయోగపడటం నాకు చాలా నచ్చే విషయం.

పీకేడీ అన్న పేరు చూసి కంగారు పడకండి. మనుషుల్లో పాలిసిస్టిక్ కిడ్నీ వ్యాధికి సంబంధించిన ప్రోటీన్‌లో ఈ మడత మొదట గుర్తించారు కాబట్టి ఆ పేరు వచ్చింది. ఈ ఎంజైమ్‌కూ ఆ జబ్బుకూ సంబంధం లేదు. ముందు చెప్పిన సముద్రపు బ్యాక్టీరియా ఎంజైమ్‌లో ఈ డొమైన్ కొల్లాజెన్ నారలను ఉబ్బించి వదులు చేస్తుందని చూపించారు.

కాల్షియం లేకపోతే ఏమవుతుంది?

పని దెబ్బతింటుంది. పెప్టిడేజ్ భాగంలో క్రియాస్థానం దగ్గర్లో కాల్షియం కూర్చునే చోటు ఉంది. లంగరు డొమైన్‌లోనూ ఉంది. కాల్షియం ఉన్నప్పుడు, లేనప్పుడు లంగరు మొదట్లో ఉండే చిన్న లింకర్ భాగం ఆకారమే మారిపోతుంది. లేనప్పుడు హెలిక్స్‌గా ఉండేది కాల్షియం చేరగానే బీటా పోగుగా మారి డొమైన్‌ను బిగిస్తుంది. జంతువుల కణజాలంలో కణాల బయట కాల్షియం పుష్కలంగా ఉంటుంది. ఎంజైమ్ సరైన చోటికి చేరినప్పుడే గట్టిపడేలా ఈ ఏర్పాటు ఉందనిపిస్తుంది.

కోల్‌జీ, కోల్‌హెచ్ అని రెండు ఎందుకు?

క్లాస్ట్రీడియం హిస్టోలిటికంలో రెండు వేర్వేరు జన్యువులు ఉన్నాయి. కోల్‌జీకి పీకేడీ ఒకటి, లంగర్లు రెండు. కోల్‌హెచ్‌కు పీకేడీలు రెండు, లంగరు ఒకటి. 1980లలో చేసిన ప్రయోగాల్లో మొదటి వర్గం కొల్లాజెన్ కడ్డీ చివర్ల దగ్గర మొదలుపెడుతుందని, రెండో వర్గం లోపలి భాగంలో మొదలుపెడుతుందని తేలింది. రెండూ కలిస్తే పని వేగం పెరుగుతుంది. చిన్న పెప్టైడ్‌ల మీద కోల్‌హెచ్ చురుకు ఎక్కువ. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కొలతల దగ్గర మళ్లీ వస్తుంది.

దీన్ని ఎప్పుడు కనిపెట్టారు?

బ్యాక్టీరియాను మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916లో, కుళ్లిన గాయాల నుంచి వైన్‌బర్గ్, సెగాన్ వేరుచేశారు. ఎంజైమ్‌ను శుద్ధిచేసి వైద్యానికి దారి వేసినది ఇనెస్ మాండల్. వియన్నాలో పుట్టి అమెరికా చేరిన ఆమె తన సహచరులతో కలిసి 1953లో ఆ పరిశోధన ప్రచురించారు. కొల్లాజినేజ్‌ను కొలవడానికి ఆమె పేరుతో ఉన్న పద్ధతి ఈరోజుకీ వాడుకలో ఉంది.

గ్యాస్ గ్యాంగ్రీన్ వచ్చేది ఈ ఎంజైమ్ వల్లేనా?

కాదు. క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ విషయంలో ప్రధాన దోషి ఆల్ఫా టాక్సిన్. కొల్లాజినేజ్‌ను ఇక్కడ కప్పా టాక్సిన్ అని కూడా పిలుస్తారు. ఆ జన్యువు తీసేసిన బ్యాక్టీరియాతో ఎలుకల్లో పరీక్షించినప్పుడు జబ్బు తీవ్రత పెద్దగా తగ్గలేదు. "కణజాలం కరిగింది, కాబట్టి కొల్లాజినేజే కారణం" అని తేలిగ్గా అనేస్తుంటారు గానీ, ఆధారం అలా చెప్పడం లేదు. ఎలుక జ్వరం తెచ్చే లెప్టోస్పైరా విషయం వేరు. అక్కడ కొల్లాజినేజ్ బ్యాక్టీరియా ఒంట్లోకి చొరబడటానికి సాయం చేస్తుందని ప్రయోగాలు చెబుతున్నాయి.

వైద్యంలో ఎక్కడ వాడతారు?

రెండు ముఖ్యమైన చోట్ల.

ఒకటి మానని పుండ్లు, కాలిన గాయాలు. పుండు మీద పేరుకున్న చచ్చిన కణజాలం కొల్లాజెన్ నారలతో అడుగుకు అతుక్కుని ఉంటుంది. కొల్లాజినేజ్ ఆయింట్‌మెంట్ ఆ నారలను తెంచి దాన్ని ఊడేలా చేస్తుంది. వెండి ఉన్న డ్రెస్సింగులు, పాదరసం ఉన్న మందులు, డిటర్జెంట్ తరహా క్రిమినాశకాలు దీన్ని పనిచేయకుండా చేస్తాయి. గాయానికి ముందుగా ఏం రాశారో డాక్టరుకు, నర్సుకు తప్పకుండా చెప్పండి.

రెండోది డూప్యుట్రెన్ కాంట్రాక్చర్. అరచేతి చర్మం కింద కొల్లాజెన్ తాడులా గట్టిపడి వేలు లోపలికి ముడుచుకుపోతుంది, చాపడానికి రాదు. కోల్‌జీ, కోల్‌హెచ్ రెండూ దాదాపు సమానంగా కలిపిన ఇంజెక్షన్‌ను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2010లో ఆమోదించింది. జియాఫ్లెక్స్ అన్న పేరుతో వస్తుంది. ఒక మోతాదు 0.58 మిల్లీగ్రాములు మాత్రమే. ఆ తాడులోకి ఇంజెక్షన్ ఇచ్చి, ఒకటి నుంచి మూడు రోజుల్లోపు డాక్టరు వేలును సాగదీస్తే బలహీనపడ్డ తాడు తెగి వేలు తెరుచుకుంటుంది. 2013లో పురుషాంగం వంగిపోయే పెయ్‌రోనీ వ్యాధికి కూడా అనుమతి వచ్చింది.

మరి అది పక్కనున్న మంచి కణజాలాన్ని తినేయదా?

న్యాయమైన భయం. రక్తనాళాల, నరాల చుట్టూ ఉండే పొరల్లో ముఖ్యంగా టైప్ 4 కొల్లాజెన్ ఉంటుంది. దాని మీద ఈ ఎంజైమ్ ప్రభావం తక్కువ. రక్తంలోకి చేరిన కొంచెం ఎంజైమ్‌ను ఆల్ఫా-2-మాక్రోగ్లోబ్యులిన్ అనే ప్రోటీన్ బంధిస్తుంది. కానీ టెండన్ టైప్ 1 కొల్లాజెన్‌తోనే తయారైంది. సూది గురి తప్పి టెండన్‌లో పడితే అది తెగిపోయే ప్రమాదం ఉంది, అలా జరిగిన సందర్భాలూ ఉన్నాయి. అందుకే శిక్షణ పొందిన డాక్టర్లే ఈ ఇంజెక్షన్ ఇవ్వాలి.

కొల్లాజెన్ పౌడర్ తాగేవాళ్లకు ఈ ఎంజైమ్ అవసరమా?

అవసరం లేదు. ఆ పౌడర్‌లో ఉన్నది ముందే ముక్కలైన పెప్టైడ్‌లు. వాటిని మన కడుపే అరిగిస్తుంది.

ల్యాబ్‌లో కణాలు వేరుచేయడానికి ఇదే ఎందుకు?

కాలేయం, క్లోమం, మృదులాస్థి వంటి వాటిలో కణాలు కొల్లాజెన్ వలలో ఇరుక్కుని ఉంటాయి. కణాలను చంపకుండా వల మాత్రం తెంచాలి. 1967లో ఎలుక క్లోమం నుంచి ఇన్సులిన్ తయారుచేసే ఐలెట్లను, 1969లో కాలేయ కణాలను ఈ పద్ధతిలో వేరుచేసినప్పటి నుంచి ఇది మామూలు పద్ధతైంది. 2000లో వచ్చిన ఎడ్మంటన్ ప్రోటోకాల్‌లో టైప్ 1 షుగర్ ఉన్న ఏడుగురికి దాతల ఐలెట్లు మార్పిడి చేస్తే వాళ్లకు ఇన్సులిన్ ఇంజెక్షన్ అవసరం లేకుండా పోయింది. దాని వెనుక కూడా కొల్లాజినేజ్‌తో ఐలెట్లు విడదీసే పని ఉంది.

ఒక్కో బ్యాచ్‌కు ఫలితం మారిపోతోంది, టెన్షన్‌గా ఉంది. ఎందుకిలా?

ముడి కొల్లాజినేజ్ పౌడర్‌లో కొల్లాజినేజ్ ఒక్కటే ఉండదు. బ్యాక్టీరియా బయటికి వదిలిన క్లాస్ట్రిపెయిన్, న్యూట్రల్ ప్రోటియేజ్, ట్రిప్సిన్ లాంటి ఎంజైమ్‌లు కూడా కలిసి వస్తాయి. వాటి పాళ్లు లాట్‌ను బట్టి మారతాయి. వాటిని పూర్తిగా తీసేయడం కూడా పరిష్కారం కాదు, ఎందుకంటే శుద్ధ కొల్లాజినేజ్ ఒక్కటే కణజాలాన్ని సరిగ్గా విడదీయలేదు. ఐలెట్ల పనిలో అందుకే శుద్ధిచేసిన కొల్లాజినేజ్‌కు థర్మోలైసిన్ వంటి దాన్ని కొలిచి కలుపుతారు. ముడి పౌడరే వాడాల్సి వస్తే, రెండు మూడు లాట్ల శాంపిల్ తెప్పించుకుని మీ కణజాలం మీదే పరీక్షించి, కుదిరిన లాట్‌ను పని మొత్తానికీ సరిపడా ఒకేసారి కొనుక్కోండి. ఇంతకంటే మంచి సలహా నా దగ్గర లేదు.

ఇంకో పొరపాటు చాలా చోట్ల జరుగుతుంది. ట్రిప్సిన్‌కు ఈడీటీఏ కలపడం అలవాటైన చేత్తో దీనికీ కలిపేస్తారు. ఈడీటీఏ కాల్షియంను, జింక్‌ను లాగేస్తుంది, ఎంజైమ్ చచ్చిపోతుంది. కాల్షియం లేని బఫర్‌లో కలిపి పనిచేయడం లేదని లాట్‌ను తిట్టుకోవడం కూడా ఇలాంటిదే.

లేబుల్ మీద యూనిట్లు ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉన్నాయి. ఎలా పోల్చాలి?

నేరుగా పోల్చకూడదు. మాండల్ పద్ధతిలో అసలు కొల్లాజెన్‌నే 37 డిగ్రీల దగ్గర 5 గంటలు ఉంచి, విడుదలైన అమైనో సమూహాలను నిన్‌హైడ్రిన్‌తో కొలుస్తారు. వ్యూన్ష్ పద్ధతి, ఫాల్గ్‌పా పద్ధతి చిన్న కృత్రిమ పెప్టైడ్‌లను వాడతాయి. అవి త్వరగా అయిపోతాయి, అంకెలు కచ్చితంగా వస్తాయి. కానీ చిన్న పెప్టైడ్‌ను కోయడానికి పురి విప్పాల్సిన పని లేదు. కత్తెరను కొలిచారు గానీ చేతిని కొలవలేదు. పైగా వ్యూన్ష్ పెప్టైడ్ మీద కోల్‌హెచ్ చురుకు కోల్‌జీ కంటే ఎంతో ఎక్కువ కాబట్టి, కోల్‌జీ పాడైపోయిన సీసాకు కూడా మంచి అంకె రావచ్చు. లేబుల్ మీద పెప్టైడ్ యూనిట్లు ఒక్కటే ఉంటే, అసలు కొల్లాజెన్ మీద దాని పని ఎంతో కంపెనీని అడగండి.

తోళ్ల పరిశ్రమలో కూడా వాడతారా?

అక్కడ చాలావరకు దీన్ని దూరం పెట్టాలి. తోలు అంటేనే కొల్లాజెన్. వెంట్రుకలు ఊడదీయడానికి వాడే ఎంజైమ్‌లలో కొల్లాజినేజ్ గుణం కొంచెం ఉన్నా తోలు పైపొర దెబ్బతింటుంది. అందుకే ఆ ఎంజైమ్‌లను ఎంచుకునేటప్పుడు కొల్లాజెన్ జోలికి పోనివాటిని వెతుకుతారు.

దీన్ని ఆపే మందులు ఉన్నాయా?

ల్యాబ్‌లో ఆపడం సులభం. ఈడీటీఏ, ఫినాంత్రోలిన్, సిస్టీన్ వంటి థయాల్ పదార్థాలు ఏవైనా జింక్ పని చెడగొడతాయి. రోగికి ఇవ్వడానికి మాత్రం ఇవి పనికిరావు, ఎందుకంటే మన ఒంట్లో జింక్‌తో నడిచే ఎంజైమ్‌లు ఎన్నో ఉన్నాయి, అవీ ఆగిపోతాయి. మన ఎంఎంపీలను వదిలేసి బ్యాక్టీరియా కొల్లాజినేజ్‌ను మాత్రమే పట్టుకునే చిన్న అణువుల కోసం వెతుకుతున్నారు. మెర్కాప్టోఅసిటమైడ్ వర్గానికి చెందిన కొన్ని పదార్థాలు ప్రయోగశాలలో ఆ తేడా చూపించాయి. బ్యాక్టీరియాను చంపకుండా దాని పనిముట్టును మాత్రమే లాక్కుంటే మందుకు అలవాటు పడే ఒత్తిడి దాని మీద తక్కువగా ఉంటుందన్నది ఇక్కడ ఆశ. ఇప్పటివరకు దొరికిన అణువుల్లో చాలావరకు గురిపెట్టింది జింక్ ఉన్న గాడి మీదే. ఆ గాడి మన ఎంజైమ్‌లకూ ఉంది. వాటికి లేనివి ఆక్టివేటర్, జీను మూసుకునే కీలు.